గ్రంథ మిచ్చిన హక్కు, గడప యాపిన హక్కు

స్త్రీలకు హక్కులు గావలెనన్నచో మతమును విడువవలెనని కొందఱును, మతము నిలువవలెనన్నచో స్త్రీలు నోరు మెదపరాదని మఱికొందఱును చిరకాలముగ వాదించుచున్నారు. ఈ రెండు వాదములును సరికావని ముస్లిము స్త్రీలు మన కన్నులయెదుటనే రుజువు చేయుచున్నారు. వారు మతమును విడువలేదు, నోరును మూసికొనలేదు. ధర్మగ్రంథమును చేతబట్టుకొని, ఇందు మాకని వ్రాసియున్నది మా యింటి గడపలోపలికి ఏల రాలేదని అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసినవారు మౌల్వీలు మాత్రమే కారు. భర్తలును, అన్నదమ్ములును, ఊరిపెద్దలును, భూములు కొనువారును, అమ్మువారును గూడ చెప్పవలసియున్నది.

ఇది ఢిల్లీ, బొంబాయి నగరముల ముచ్చటయనియు, ప్రత్తియు మిరపయు పండు మన నల్లరేగడి సీమకు దీనితో పనిలేదనియు మనవారిలో పెక్కుమంది తలంపు. ఆ తలంపు నిలువదు. 2011 జనాభాలెక్కలనాటి గుంటూరు జిల్లాలో నూటికి సుమారు పదునొకండుగురు ముస్లిములు. 2022 ఏప్రిలులో ఆ జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలుగ విడిపోయినను ఊళ్లు కదలలేదు, వాడలు మాఱలేదు. గుంటూరు, తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట, వినుకొండ, ఒంగోలు, మార్కాపురము, ఏ పట్టణమున కేగినను మసీదుండును. దానిచుట్టును ఒక పేట యుండును. ఆ పేటలోని స్త్రీ పరదాచాటుననే యుండునని యెంచుట వట్టి భ్రమ. ప్రత్తిచేలలో దూది తీయుటయందును, మిరపకాయలకు తొడిమలు తీయుటయందును, బీడీలు చుట్టుటయందును, బట్టలు కుట్టుటయందును ఆమె తక్కిన కులముల పేదస్త్రీలవలెనే కష్టించుచున్నది. కూలికి పోవుటకు ఏ శాస్త్రమును అడ్డురాలేదు. భాగ మడుగునప్పుడే శాస్త్రము గుర్తువచ్చుచున్నది.

ఈ సీమ ముస్లిములలో దూదేకులవారి సంగతి ప్రత్యేకముగ చెప్పదగినది. వీరినే నూర్‌బాషాలనియు, లద్దాఫులనియు, పింజారీలనియు అందురు. ప్రత్తి పండిన చోటెల్ల దూది నేకి పఱపులు కుట్టుట వీరి కులవృత్తిగ నుండెను. వీరిలో మిక్కిలిమంది యింట మాటలాడు భాష తెలుగు. యంత్రములు వచ్చి ఆ వృత్తిని మ్రింగివేసినను పేరు నిలిచినది. మన పల్లెలలో పీర్లపండుగ హిందువులు పాల్గొనకుండ జరుగుట అరుదు. గుంటూరు కాలేమస్తాన్ షావలీ దర్గాకును, పెదకాకాని బాజీబాబా దర్గాకును మ్రొక్కులు చెల్లించు హిందూకుటుంబము లెన్నియో గలవు. మస్తానయ్య, మస్తానమ్మ యను పేర్లు పెట్టుకొన్న హిందువులు ఈ ప్రాంతమున ప్రతి యూరను కనబడుదురు. కరవది గ్రామమున జన్మించిన షేక్ చినమౌలానాగారు నాదస్వరమును దేవాలయమునుండి దేశమంతటికిని వినిపించిరి. ఆయన శిష్యురాలైన కాలీషాబీ మహబూబు భర్తతో కలిసి ఆ వాద్యమునే వహించి 2020 సంవత్సరపు పద్మశ్రీ బిరుదమును పొందెను. ఇట్లు మతమునకును మతమునకును నడుమ గోడలు పలుచనైన సీమలో స్త్రీకిని ఆమె హక్కునకును నడుమనున్న గోడ మాత్రము మందముగనే యుండుట వింత.

ఆ హక్కు లెవ్వి? ఖురాను వివాహమును ఒక ఒడంబడికగ భావించినది. వధువు సమ్మతి లేనిది నికాహు చెల్లదు. వరుడు వధువునకు మహరు చెల్లింపవలెను. అది ఆమె తండ్రికి గాదు, ఆమెకే చెందిన సొత్తు. తండ్రి చనిపోయినచో కుమారునకు రెండు భాగములు, కుమార్తెకు ఒక భాగము. భర్త చనిపోయినచో సంతానముగల భార్యకు ఎనిమిదవ వంతు, సంతానము లేనిచో నాల్గవ వంతు. కాపురము దుర్భరమైనచో భార్యయే విడాకులు కోరు విధమును గలదు. దానికి ఖులా యని పేరు. స్త్రీలను మసీదులకు పోనీయక అడ్డగింపవలదని ప్రవక్త చెప్పినట్లు హదీసు గ్రంథములు తెలుపుచున్నవి. ప్రవక్త ప్రథమభార్యయైన ఖదీజా వర్తకమున ప్రసిద్ధి గాంచిన స్త్రీ. ఆయిషా రెండువేలకు పైగ హదీసులను లోకమున కందించిన విదుషి. పురుషులైన పండితులును ఆమె నడిగి సందేహములు తీర్చుకొనిరి.

కుమార్తెకు సగమే యేలయని నేటివారు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ముస్లిము స్త్రీలలోనే కొందఱు అడుగుచున్నారు. కాని అడుగు హిందువులు తమ యింటి చరిత్రనుగూడ జ్ఞాపక ముంచుకొనవలెను. హిందూ కుమార్తెకు తండ్రి స్వార్జితములో కుమారునితో సమానముగ వారసత్వమునిచ్చిన చట్టము 1956లో వచ్చినది. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో సమభాగమును ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరునుండి యిచ్చినది. దేశమంతటికి అది 2005లో గాని రాలేదు. ఏడవ శతాబ్దమున సగమైన నిచ్చిన ధర్మమును, ఇరువదవ శతాబ్దము సగముగడచువఱకు ఏమియు నీయనివారు పరిహసించుట తగదు. రెండు మతముల కుమార్తెలకును చట్టము ఇచ్చినది వేఱు, అన్నదమ్ములు ఇచ్చినది వేఱు. ఆ విషయమున మాత్రము ఇరువురును అక్కచెల్లెండ్రే.

భూమిగల మన పాఠకులకు ఇక్కడ ఒక చరిత్ర తెలియవలెను. బ్రిటిషు ప్రభుత్వమునాడు పెక్కుచోట్ల ముస్లిముల ఆస్తులు షరియతును బట్టిగాక స్థానికాచారమును బట్టి పంపకమగుచుండెను. ఆచారము కుమార్తెను త్రోసివేసెను. అప్పుడు ముస్లిము స్త్రీల సంఘములు ఆచారమును ఖండించి షరియతును కోరినవి. ఆ కోరిక ఫలితముగ 1937లో షరియతు అన్వయచట్టము పుట్టినది. స్త్రీల సంఘముల ఖండనమును ఆ బిల్లు ఉద్దేశప్రకటనలోనే పేర్కొనియున్నారు. పిఠాపురము కవి ఉమర్ ఆలీషాగారు అప్పటి కేంద్ర శాసనసభలో సభ్యులు. మతమును కోరుటయే హక్కును కోరుట యైన సందర్భమది. నేటి ఉద్యమమును క్రొత్తగ పుట్టిన పాశ్చాత్య వ్యామోహమని కొట్టివేయువారు ఈ 1937 సంగతిని మఱవరాదు.

అయితే ఆ చట్టమున ఒక పెద్ద చిల్లి యుండెను. వ్యవసాయభూమికి అది వర్తింపదని వ్రాసిరి. పల్లెటూరి ముస్లిమునకు భూమియే ఆస్తి. అది పోయిన తరువాత కుమార్తెకు మిగులునది శూన్యము. ఉత్తరదేశమున పెక్కు రాష్ట్రములలో ఈ చిల్లి చిరకాలము నిలిచినది. మన సీమకు మాత్రము అదృష్టవశమున 1949లోనే ఆ చిల్లి పూడినది. నాడు గుంటూరు జిల్లా మదరాసు రాజధానిలోనిది. మదరాసు శాసనసభ 1949లో 18వ చట్టము చేసి వ్యవసాయభూమిని మినహాయించిన మాటలను తొలగించినది. ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు ఆ న్యాయము మనతోనే వచ్చినది. కావున నల్లరేగడిలో ముస్లిము ఆడుబిడ్డకు భాగమున్నదన్నది ఏడు దశాబ్దములు దాటిన సంగతి.

లెక్కవేసి చూతము. ఒక రైతు ఎనిమిది యెకరముల భూమి విడిచి చనిపోయెననుకొందము. అప్పులు, అంత్యక్రియల వ్యయము తీఱినవి. భార్యయు, ఇద్దఱు కుమారులును, ముగ్గురు కుమార్తెలును గలరు. భార్యకు ఎనిమిదవ వంతు, అనగా ఒక యెకరము. మిగిలిన యేడెకరములలో కుమారునకు రెండేసి, కుమార్తెకు ఒక్కటేసి. ఈ లెక్క ఏ మౌల్వీయు కాదనడు, ఏ వకీలును కాదనడు. కాని రిజిస్ట్రారు కచేరిలోని దస్తావేజులను, పట్టాదారు పాసుపుస్తకములను చూడుడు. తల్లి పేరును, కుమార్తెల పేర్లును ఎన్నింటిలో కనబడును?

హక్కు ఎట్లు కరగిపోవునో అందఱికిని తెలిసినదే. పెండ్లికి కట్నమిచ్చితిమి గదా, ఇంక భాగమేమి యందురు. మహమ్మదీయ ధర్మమున వధువునకు వరుడు మహరీయవలెను. మన సీమలో వరునకు వధువు తండ్రి కట్నమిచ్చుచున్నాడు. శాస్త్రమును తలక్రిందులు చేసి, ఆ తలక్రిందులైన దానినే భాగమునకు చెల్లుగ వ్రాయుచున్నారు. భాగ మడిగిన చెల్లెలికి పండుగకు పిలుపు రాదు. కష్టము వచ్చినపుడు తలుపు తెఱువబడదు. పుట్టినింటి త్రోవ మూసికొనుటకంటె ఎకరము వదలుకొనుటయే మేలని ఆమె హక్కువిడుదల పత్రముపై వ్రేలిముద్ర వేయును. దానిని ఊరిపెద్దలు ఔదార్యమని మెచ్చుకొందురు. బెదరింపుచే కలిగిన ఔదార్యమునకు ధర్మశాస్త్రమున చోటు లేదు.

తండ్రులు జాగ్రత్తగ గమనింపవలసిన నియమములును గలవు. ముస్లిము తన ఆస్తిలో మూడవ వంతునకు మించి వీలునామా వ్రాయరాదు. ఆ మూడవ వంతునైనను, తక్కిన వారసుల సమ్మతి లేనిదే ఒక వారసునకు వ్రాయరాదు. కావున వీలునామాతో కుమార్తెను తొలగించుట చెల్లదు. తండ్రి బ్రతికియుండగా కుమార్తె తన రాబోవు వారసత్వమును వదలుకొంటినని వ్రాసినను సాధారణముగ అదియు చెల్లదు; రాని హక్కును వదలుట యెట్లు? ఇక వంశవక్ఫుపేరిట భూమిని కట్టివేసి ఆడువారిని తప్పించు ఉపాయము నొకటి కొందఱు పన్నుదురు. దానివలన స్త్రీవారసుల హక్కునకు భంగము రాగూడదని 2025 వక్ఫు సవరణచట్టము స్పష్టపఱచినది. ఆ చట్టముపై పెద్ద వివాదము చెలరేగి, మఱికొన్ని నిబంధనలను 2025 సెప్టెంబరున సుప్రీంకోర్టు తాత్కాలికముగ నిలిపినది. చట్టముపై ఎవరి అభిప్రాయ మెట్లున్నను, ఆడుబిడ్డను తప్పించుట ధర్మమని వాదించుటకు ఏ పక్షమువారును సాహసింపలేరు.

మహరు సంగతియు నిట్టిదే. వెంటనే చెల్లించునది యొకటి, వాయిదామీద నుంచునది యొకటి. వాయిదా మహరు మన యిండ్లలో భర్త శవము లేచువేళకు గాని జ్ఞాపకము రాదు. అప్పుడు ఏడ్చుచున్న ఇల్లాలిని, నీ మహరు మాఫుచేసితినని చెప్పుమని చుట్టములు వేడుదురు. ఆ గడియలో కాదనగల స్త్రీ యెవ్వతె? ఋణముతో పోవు ఆత్మకు శాంతి లేదని భయపడువారు, ఆ ఋణమును జీవితకాలమున తీర్చుకొనియుండిన బాగుండెడిది.

ఈ సీమలో ముస్లిము స్త్రీలు లోకమున కెదురు నిలుచుట నేడే మొదలుకాలేదు. తెనాలికి చెందిన హాజరాబీబీని మనవారు మఱచిరి. ఆమె భర్త మహమ్మద్ ఇస్మాయిల్‌గారు జిల్లాలో ఖద్దరు దుకాణము పెట్టి ప్రచారము చేసి ఖద్దరు ఇస్మాయిలని పేరొందిరి. తెనాలిలో ముస్లింలీగు బలముగనున్న దినము లవి. గాంధీ మార్గమున నడచిన ఆ దంపతులకు సొంత సమాజమునుండియే తీవ్రమైన ప్రతిఘటన కలిగెను. భర్త పలుమాఱులు కారాగారమున కేగినను ఆమె వెనుదీయలేదు. 1994లో ఆమె మరణించినది. ఇట్టివారి చరిత్రలను వినుకొండ కేంద్రముగ సయ్యద్ నశీర్ అహమ్మద్‌గారు తెలుగున గ్రంథములుగ వెలువరించి మహోపకారము చేసిరి. అలీసోదరుల తల్లి బీఅమ్మ వృద్ధాప్యమున పరదా తొలగించి వేలాది జనులయెదుట మాటలాడినప్పుడు, తన యెదుటనున్నవారందఱును తన బిడ్డలేయను మాటయే ఆమెకు సమాధానమైనది. దీనుల బాధను చూచి లేచిన భక్తి స్త్రీని ఇంటిలో కూర్చుండనీయదు.

హైదరాబాదు కథ ఇంకను దీర్ఘమైనది. తయ్యిబాబేగము 1894లో మదరాసు విశ్వవిద్యాలయపు పట్టభద్రురాలై స్త్రీవిద్యకు పాటుపడినది. సుగ్రా హుమాయూన్ మీర్జా పత్రికలు నడపి, 1934లో బాలికలకు సఫ్దరియా పాఠశాల నెలకొల్పినది. తయ్యిబాబేగము కుమార్తె మాసుమాబేగము ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గమున స్థానము సంపాదించినది. మన గుంటూరులో ఉన్నవ దంపతులు 1922లో శారదానికేతనము స్థాపించిన కాలమున, అచ్చట ఆ స్త్రీలు తమ సమాజమున అదే దీపము వెలిగించుచుండిరి. ఇటీవల ఆ నగరమున ఉద్యమము మఱియొక మెట్టెక్కినది. 2002లో కవయిత్రి జమీలా నిషాత్ స్థాపించిన షాహీన్ సంస్థ పాతబస్తీలో బాధిత స్త్రీలకు అండయై నిలిచినది. 2003లో మొఘల్‌పురాలోని జామియతుల్ మోమినాత్ అను బాలికల మదరసా స్త్రీలకు ముఫ్తీ శిక్షణమిచ్చి ఫత్వాశాఖను నడపినది. మతసందేహములను స్త్రీలు స్త్రీలనే అడిగి తెలిసికొను మార్గమది.

న్యాయస్థానములును త్రోవ చూపినవి. దారుల్షిఫాలోని ఇబాదత్‌ఖానాలో అఖ్బారీ షియా స్త్రీలు మజ్లిసులు జరుపుకొనుటకు తెలంగాణ హైకోర్టు 2023 డిసెంబరున తాత్కాలికముగను, 2024 జూలైలో తుదితీర్పుగను అనుమతించినది. మతము నిషేధింపని ప్రవేశమును నిర్వాహకులు నిషేధింపజాలరన్నది ఆ వివాదసారము. 2024 జూలై 10న తెలంగాణనుండి వచ్చిన అప్పీలులోనే సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిము స్త్రీయు తక్కిన స్త్రీలవలె 125వ సెక్షనుక్రింద మనోవర్తి కోరవచ్చునని తేల్చినది. ఆ సెక్షనే క్రొత్త సంహితలో 144వది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, ఖులా కోరుటకు భార్యకు సంపూర్ణమైన హక్కున్నదనియు, భర్త సమ్మతి దానికి అవసరము లేదనియు, ముఫ్తీపత్రము సలహామాత్రమే యనియు చెప్పినది. మసీదుప్రవేశమునుగూర్చి 2020 జనవరిలో అఖిలభారత ముస్లిం పర్సనల్‌ లా బోర్డే, స్త్రీలు నమాజునకు మసీదులకు పోవుటలో నిషేధము లేదని సుప్రీంకోర్టునకు తెలిపినది. హక్కు లేదని చెప్పువారు లేరు. చోటు లేదని చెప్పువారు మాత్రము మిగిలినారు.

ముమ్మాఱు తలాకుమాట చెప్పక తప్పదు. 1985లో షాబానో తీర్పు వచ్చినది. 1986లో పార్లమెంటు దానిని త్రోసిపుచ్చు చట్టము చేసినది. 2001లో డేనియల్ లతీఫీ తీర్పు ఆ చట్టమునే స్త్రీకి అనుకూలముగ వ్యాఖ్యానించినది. 2007లో జకియా సోమన్, నూర్జహాన్ సఫియా నియాజ్ మొదలగువారు భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ స్థాపించిరి. వారు ఖురానును, రాజ్యాంగమును రెండింటిని ఆధారముగ గైకొని వాదించిరి. ఒకేమాఱు మూడు తలాకులు పలుకుట చెల్లదని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గు రిద్దఱి తేడాతో తీర్పు చెప్పినది. 2019లో దానిని మూడేండ్లవఱకు శిక్షార్హమైన నేరముగ చేయు చట్టము వెలువడినది. ఆ బిల్లు నెదిరించి వేలాది ముస్లిము స్త్రీలు ఊరేగింపులు జరిపిరి. పర్సనల్‌ లా బోర్డు మహిళాశాఖకు హైదరాబాదు వైద్యురాలు అస్మా జెహ్రాగారు నాయకత్వము వహించిరి.

ఈ రెండు పక్షములలో ఒకదానిని మెచ్చి రెండవదానిని మూఢమని తిట్టుట పత్రికలకు అలవాటైనది. మా యభిప్రాయ మట్లు కాదు. ఒక్క శ్వాసలో కాపురమును త్రుంచు పద్ధతి అన్యాయమనుట నిశ్చయము. ఖురాను క్రమమునకును అది విరుద్ధము. భర్తను చెఱసాలకు పంపినచో భార్యకును బిడ్డలకును అన్నము పెట్టువా రెవ్వరను ప్రశ్నయు తేలికైనది కాదు. ఇరుపక్షముల స్త్రీలును మతమునుగూర్చి తామే మాటలాడుదుమని వీధిలోనికి వచ్చిరి. అదియే ఈ కాలపు పెద్ద మార్పు. వారి తరపున మాటలాడుటకు ఇంక పురుషుడు అవసరము లేదు. వారిమీద జాలిపేరిట వారి మతమును నిందించు పొరుగువాడు అసలే అవసరము లేదు. ముస్లిము స్త్రీ కష్టమును కఱ్ఱగ జేసి ముస్లిము సమాజమును మోదదలచువానికి ఆమెయం దెంత ప్రేమయున్నదో, తన సొంత చెల్లెలి భాగమును ఇచ్చినాడో లేదో చూచిన తెలియును.

ఆడుబిడ్డలకు భాగమిచ్చినచో భూమి ముక్కలగునని ఒక యాక్షేపణ. ఇది 1956లో హిందువులు చెప్పిన మాటయే. నలుగురు కుమారులున్నచో ముక్కలు కాదా? ఆ ముక్కలకు రాని చింత ఆడుబిడ్డ ముక్కకే యేల? పంపకము సాగుకు అడ్డమైనచో వెలకట్టి చెల్లెలికి పైక మీయవచ్చును. కౌలు లెక్కవేసి యేటేట పంపవచ్చును. ఆడువారు కచేరిచుట్టు తిరుగుట మర్యాద గాదని రెండవ యాక్షేపణ. అన్న తానే పత్రము వ్రాయించి తెచ్చినచో ఆమె తిరుగనక్కఱ లేదు. మతవిషయములు మతపండితులకు విడువవలెనని మూడవది. పండితులు చదివినదానిని స్త్రీలు చదువరాదని ఏ గ్రంథమును చెప్పలేదు. చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించిననాటినుండి ఆ గ్రంథము తెలుగువారికి అందుబాటులోనికి వచ్చినది; తరువాతను పెక్కు అనువాదములు వెలువడినవి. అరబ్బీ చదివి అర్థము తెలియక, ఉర్దూ రాక, ఇతరులు చెప్పినదే నమ్ముచుండిన దూదేకుల యింటి బాలిక నేడు తన తల్లిభాషలో నిసా అధ్యాయమును చదివి తన భాగ మెంతో తానే లెక్క వేసికొనగలదు. అచ్చుయంత్రమును, బడియును కలిసి చేసిన పని యిది.

ఇక మన సీమలో జరుగవలసిన పనులు స్పష్టముగనే యున్నవి. నికాహునామాలో మహరు మొత్తమును, తక్షణము చెల్లించినదెంతో, వాయిదా యెంతో తేదీతో సహ వ్రాసి, నకలును వధువు చేతికీయవలెను. ప్రతి జామియామసీదులోను స్త్రీలకు ప్రత్యేకమైన చోటును, నీటివసతిని కల్పింపవలెను; దూరప్రయాణమున నున్న ముస్లిము స్త్రీ నమాజువేళకు బస్సుస్టాండులో నిలువవలసివచ్చుట సమాజమున కవమానము. రాష్ట్ర వక్ఫుబోర్డున ఇద్దఱు స్త్రీలుండవలెనని 2013లోనే చట్టము నియమించినది. ఊరిలోని మసీదుల, దర్గాల కమిటీలును ఆ మర్యాదను పాటింపవచ్చును. భర్త నాలుగేండ్లు ఆచూకీ లేకపోయినను, రెండేండ్లు పోషింపకున్నను భార్య కోర్టుద్వారా వివాహమును రద్దు చేసికొనవచ్చునని 1939 చట్టము చెప్పుచున్నది. ఈ సంగతి ప్రతి పేటలోను తెలుపవలెను. స్త్రీ యెవ్వతెయైనను, ఆదాయముతో నిమిత్తము లేకుండ, జిల్లా న్యాయసేవాధికార సంస్థనుండి ఉచితముగ వకీలు సాయము పొందవచ్చునని 1987 చట్టము చెప్పుచున్నది. కచేరి గుమ్మము నెక్కుటకు భయపడు స్త్రీకి ఈ యొక్క మాట పదివేల రూపాయల యెత్తు.

మన పాఠకులలో ముస్లిములు కానివారే యెక్కువ. వారికిని కర్తవ్యము లేకపోలేదు. ముస్లిము రైతువద్ద భూమి కొనునపుడు తల్లియు ఆడుబిడ్డలును సంతకము చేసిరాయని అడుగుడు; వ్రేలిముద్ర వేసిన స్త్రీకి పత్రములోని సంగతి చదివి వినిపించిరాయని విచారింపుడు. అది ధర్మమే గాక మీ దస్తావేజునకు బలముగూడ. ఊరి తగవులలో పెద్దమనిషిగ కూర్చున్నపుడు, అది వారి మతవిషయమని ముఖము త్రిప్పికొనకుడు; వారి మతమే ఆమె పక్షమున నున్నదని గుర్తు చేయుడు. అంతకంటె ముందుగ మీ యిండ్ల దస్తావేజులను తీసి, మీ యక్కచెల్లెండ్ర పేర్లెక్కడనున్నవో వెదకికొనుడు. సొంత పొలము గట్టు సరిచేయని రైతు పొరుగువాని గట్టుమీద తీర్పరియై నిలువరాదు గదా!

దూది నేకినకొలది మెత్తబడును, దారము వడికినకొలది గట్టిపడునని మన ప్రత్తిసీమవారికి చెప్పనక్కఱ లేదు. ముస్లిము స్త్రీల కోరికయు దారమైనది. వారడుగుచున్నది దానము కాదు, దయ కాదు, క్రొత్త మతమును కాదు. ఎనిమిదెకరములలో ఒక యెకరము. నమాజునకు మసీదులో ఒక చాప వెడల్పు చోటు. నికాహునామాలో తన పేరిట వ్రాసిన పైకము. ఇవి యిచ్చుటకు ఏ క్రొత్త శాసనమును వేచియుండనక్కఱ లేదు. ఈ యేటి ప్రత్తి తీతకు ముందే, మిరప కల్లాలలోనికి రాకముందే, అన్నదమ్ములు చెల్లెండ్ర నింటికి పిలిచి భాగపత్రము వారి చేతులలో నుంచవచ్చును. అట్లు చేసిన మొదటి యింటిపేరు ఈ సీమ చరిత్రలో నిలుచును.